ఏడో ప్రశ్నకు మార్కులు

ఇంటి నుంచి, ముందుగది బల్ల దగ్గర
జూన్ 3

చిరంజీవి చెల్లెలికి అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ వదిన నడక చట్రం పట్టుకుని వంటగది వరకు తానే వెళ్ళగలుగుతోంది. తుంటి ఎముక అతుక్కుంది, ఇక వదలవలసింది భయమేనని డాక్టరుగారు అన్నారు.

సెప్టెంబరులో శాసనసభ ఎన్నికలు. మా నియోజకవర్గంలో ముగ్గురు నిలబడ్డారు. ఇప్పుడున్న సభ్యుడు బస్సుల యజమాని. అతని మీద ఒక లాయరమ్మ. మూడో ఆవిడ ఏ పార్టీకీ చెందని రిటైర్డు నర్సు. మైకు చప్పుడు విని ఓటు వేయడం నాకు మొదటినుంచీ గిట్టదు. అందుచేత పోలీసు, కోర్టు, జైలు, వీధుల భద్రత అనే అంశాలపై పది ప్రశ్నలు తయారుచేసి ముగ్గురికీ రిజిస్టరు పోస్టులో పంపబోతున్నాను. ప్రశ్నకు పది మార్కులు. జవాబులు రాగానే పట్టిక గీసి మా వీధి సంఘం నోటీసు బోర్డుకు అంటిస్తాను. నలభై ఆరో ఏట రాత్రి బడిలో డిగ్రీ పుచ్చుకున్నవాడు ఈ మాత్రం చేయకపోతే ఆ కాగితానికి అర్థమేమిటి?

ఇది ఊసుపోక చేస్తున్న పని కాదు. నా డైరీలో ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను. నవంబరు 5, శనివారం, సాయంత్రం ఆరున్నర: లైటు వెలగని మలుపులో ఒకడు వెనకనుంచి వచ్చి మీ వదిన చేతిసంచి లాగాడు, ఆమె బోర్లా పడింది. అడ్డువెళ్ళిన నన్ను తోశాడు, కళ్ళజోడు కిందపడి వాడి కాలికింద నలిగింది. నవంబరు 12, శనివారం: స్టేషనులో వరసగా నిలబెట్టిన ఆరుగురిలో దోషిని గుర్తించాను. నవంబరు 14, సోమవారం: కొత్త కళ్ళజోడు వచ్చింది, విధుల్లో చేరాను. మధ్యలో మీటర్ల మీది అంకెలు కనబడక సెలవు పెట్టవలసి వచ్చింది. అంచనాగా వేసెయ్యమని మా సూపర్వైజరు అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నీటి మీటర్లు చదువుతున్నాను. చూడని అంకె ఒక్కటీ వేయలేదు, వేయను.

నువ్వు జైల్లో ఖైదీల ఉత్తరాలు చదివి ముద్ర వేసే ఉద్యోగంలో ఉన్నావు. నేరస్తుల మనస్తత్వం నీకు తెలుసు. ప్రశ్నల ప్రతి జతపరిచాను. లోపాలుంటే మొహమాటం లేకుండా తెలియజేయి.

ఇట్లు,
అన్నయ్య


జైలు ఆఫీసు, ఉత్తరాల గది
జూన్ 14

అన్నయ్యా,

నీ ప్రశ్నపత్రం అందింది. పైన "సమయం మూడు గంటలు" అని వేయడం మరిచిపోయావు హెడ్మాస్టరూ. ఆ బస్సులాయన ఎప్పుడో బడిలో కాపీ కొట్టి ఉంటాడు, ఇన్నాళ్ళకి నీకు దొరికాడు పాపం.

నేరస్తుల మనస్తత్వం నాకేం తెలుసు చెప్పు? నాకు తెలిసింది వాళ్ళ ఉత్తరాలు. పిల్లకి పళ్ళొచ్చాయి, ఇంటికప్పు కారుతోంది, వాయిదా ఎప్పుడు? రోజుకి నూరు చదివితే తొంభై ఇవే. ఇక్కడున్న ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అసలు శిక్షే పడలేదు తెలుసా? విచారణ ఎప్పుడు మొదలవుతుందా అని కూర్చున్నవాళ్ళు. నీ పది ప్రశ్నల్లో వాళ్ళ గురించి ఒక్కటీ లేదు. వీధిలైట్ల మీద మాత్రం మూడు పెట్టావు. అందులో ఒకటి పీకేసి వీళ్ళ గురించి పెట్టు.

మా దగ్గర గొడుగులు బాగుచేసే మనిషొకడు ఉన్నాడు. చదువు రాదు. వాళ్ళావిడ రాయించి పంపే ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తాను. కళ్ళు మూసుకుని వింటాడు. అయిపోగానే, "ఇంకొక్కసారి మేడం, మొదట్నుంచీ" అంటాడు. మా వార్డర్ల గొడుగులన్నీ ఇప్పుడు గాలికి తిరగబడకుండా ఉన్నాయంటే అతని చలవే. అతని గురించి ఇంకో సంగతి ఉంది. ముందు నేను తేల్చుకోవాలి, తర్వాత రాస్తాను.

వదినని అడిగానని చెప్పు. నిన్ను భరిస్తున్నందుకు ఆవిడకి పదికి పది.

చెల్లి


ఇంటి నుంచి
జులై 20

చిరంజీవి చెల్లెలికి,

నీ పరిహాసాన్ని పక్కనబెట్టి సూచనను స్వీకరించాను. ఏడో ప్రశ్న మార్చాను: "నేరం రుజువు కాకుండా జైల్లో ఉన్నవారి విషయమై మీరేం చేస్తారు?"

ముగ్గురూ జవాబులు పంపారు. బస్సుల యజమాని ఏడో ప్రశ్నకు ఒకటే వాక్యం రాశాడు: "తప్పు చేయనివాడు లోపలికెందుకు వెళతాడు?" దాని కింద కెమెరాలు, గస్తీ జీపులు, బెయిలు కఠినం చేసే చట్టం. స్పష్టత ఉంది. ఏడు మార్కులు వేశాను. లాయరమ్మ రెండు పుటలు నింపింది. పడబోయే శిక్షలో సగం కాలం విచారణ లేకుండానే గడిచిపోతే వదిలిపెట్టాలట, పేదవాళ్ళకు ఇచ్చే వకీలును కేసు మధ్యలో మార్చకూడదట. మా వీధి క్షేమం ఏమవుతుందో మాత్రం రాయలేదు. అయినా చక్కని వాక్యరచన. ఎనిమిది. నర్సమ్మ జవాబు ఇది: "నాకు తెలియదు. మా వార్డులో మంచానికి సంకెళ్ళు వేసి ఖైదీలను పడుకోబెట్టేవారు. ఎవరు ఏం చేశారో మాకు తెలిసేది కాదు. గెలిస్తే ముందు జైలుకు వెళ్ళి వాళ్ళనే అడుగుతాను."

సున్నా వేశాను. పరీక్షకు కూర్చుని తెలియదని రాసేవారికి ఇంకేం వేయాలి? పది ప్రశ్నలూ కూడితే బస్సుల యజమానే మొదట నిలిచాడు.

మరొక సంగతి. బస్సుల యజమాని స్వయంగా మా ఇంటికి వచ్చాడు. పట్టిక చూసి, "మీలాంటి చదువుకున్నవాళ్ళు వీధికొకరుంటే చాలు మాస్టారూ" అన్నాడు. నన్ను మాస్టారూ అన్నవారు అంతవరకు లేరు. ఆగస్టు సభలో వేదిక మీద కూర్చోమన్నాడు. ఒప్పుకున్నాను. అతను వెళ్ళాక మీ వదిన, "నా తుంటి ఎలా ఉందని అడిగాడు గానీ జవాబు చెప్పేలోగా గోడ మీది మీ డిగ్రీ పటం దగ్గరికి వెళ్ళిపోయాడండీ" అంది. ఆమెకు రాజకీయాలు పట్టవు.

అన్నయ్య


జైలు ఆఫీసు
ఆగస్టు 1

అన్నయ్యా,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు. వదిన లేనప్పుడు చదువుకో.

తర్వాత రాస్తానన్న సంగతి ఇదే. గొడుగులాయన కేసు కాగితాలు మార్చి నుంచీ మా ఆఫీసులోనే ఉన్నాయి. అందులో సాక్షి సంతకం నీది. చూడగానే తెలిసింది. సంతకం పక్కన డిగ్రీ కూడా రాసుకునేవాడు నువ్వు కాక ఇంకెవరు? మీ మలుపు అవతల చెట్టుకింద కూర్చునేవాడట. వదిన సంచి అతని పెట్టెకి పదడుగుల దూరంలో మురుగుకాలవలో దొరికిందని పట్టుకెళ్ళారు. మిగతాదంతా నీ వేలు.

ఇంతకాలం నేనెందుకు నోరు విప్పలేదంటే, మా అన్నయ్య పొరపాటు పడడు అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ అదే కదా వింటున్నాం ఇంట్లో. మరి నీ జూన్ ఉత్తరం ఒకటికి నాలుగుసార్లు చదివాను. ఉత్తరాలు చదవడమే నా ఉద్యోగం. శనివారం మనిషిని గుర్తుపట్టావు. సోమవారం కళ్ళజోడు వచ్చింది. మీటరు మీద వేలెడంత అంకెలు కనబడక సెలవు పెట్టినవాడివి, అదే వారంలో ఆరుగురి మొహాల్లో ఒక మొహం ఎలా పోల్చుకున్నావు?

అతను దొంగ కాదని నేననడం లేదు. నాకు తెలియదు. నీకు తెలుసా?

చెల్లి


ఇంటి నుంచి
ఆగస్టు 6

శ్రీమతి సోదరి గారికి,

మీ లేఖ అందినది. న్యాయస్థానం పరిశీలనలో ఉన్న విషయమై జైలు ఉద్యోగిని సాక్షికి లేఖ వ్రాయుట నిబంధనలకు విరుద్ధమని మీకు తెలియకపోదు. నేను చూసినది చూసినట్లు చెప్పితిని. ఇంతకు మించి ఉత్తరప్రత్యుత్తరములు అనవసరము.

భవదీయుడు


ఇంటి నుంచి, వంటగది మెట్టు మీద
ఆగస్టు 28

చెల్లీ,

ఆ ఉత్తరం చించేయి. మీరు అని రాసినందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

సభ జరిగింది. నన్ను ముందువరసలో కూర్చోబెట్టారు. బస్సుల యజమాని మైకు పట్టుకుని, "ఈ మాస్టారు తన కళ్ళతో చూశారు, ధైర్యంగా వేలెత్తి చూపించారు. ఆ దుర్మార్గుడు ఇవాళ లోపలున్నాడు. వాణ్ణి బయటికి వదులుతామంటోంది ఆ లాయరమ్మ!" అన్నాడు. చప్పట్లు. లేచి నమస్కారం పెట్టమని వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. లేచాను. పెట్టాను.

ఇంటికొచ్చి మీ వదినకు నీ ఉత్తరం చూపించాను. కోప్పడుతుందనుకున్నాను. కాఫీ కలుపుతూనే, "మర్నాడు ఆసుపత్రికి వచ్చి పక్క మంచం ఆవిడకి బ్రెడ్డు తినిపించబోయారు, గుర్తుందా? ఆవిడ నోరు తెరిచేసింది కూడా. నేనే కనబడలేదు మీకు, వాడెలా కనబడ్డాడు?" అంది. "మరి అప్పుడే ఎందుకు అనలేదే?" అన్నాను. "అంటే ఊరుకునేవారా?" అంది.

ఆ రోజు స్టేషనులో జరిగింది నీకు రాయాలి. ఆరుగురు గోడకు ఆనుకుని నిలబడ్డారు. నాకు ఆరు చొక్కాలు కనబడ్డాయి. పైన గోధుమరంగు మరకల్లాంటివి ఆరు. నాలుగో మనిషి భుజం ఒక పక్కకు వాలి ఉంది. ఆ సాయంత్రం సంచి లాగినవాడి భుజమూ అలాగే వాలినట్టు అనిపించింది. "బహుశా నాలుగో అతను" అన్నాను. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే, "మీలాంటి చదువుకున్నవారు బహుశా అంటే ఎలా సార్? అవునో కాదో చెప్పండి" అన్నాడు. చెల్లీ, రాత్రి బడిలో మా లెక్కల మాస్టారు మొదటిరోజే నేర్పింది ఒకటుంది. ఏ ప్రశ్నా ఖాళీ వదలకండి, వదిలితే సున్నా, ఏదో ఒకటి రాస్తే అరమార్కైనా పడుతుంది అని. ఆ అరమార్కులతోనే గట్టెక్కినవాణ్ణి నేను. అవును అన్నాను.

రోజూ గొడుగుల పెట్టె మోసేవాడి భుజం వాలి ఉండక ఏమవుతుంది?

సభ జరిగిన మర్నాడే స్టేషనుకు వెళ్ళాను. మాట వెనక్కు తీసుకుంటానన్నాను. అక్కడ రికార్డులు రాసే రైటరు ఫైలు కూడా తెరవలేదు. "కోర్టుకెళ్ళిపోయింది, మా చేతిలో లేదు." ప్రభుత్వ వకీలు దగ్గరికి వెళ్ళాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, "ఇప్పుడు మీరు మాట మార్చితే ముద్దాయి తరఫువాళ్ళు మిమ్మల్ని బెదిరించారంటారు. అతనిమీద ఇంకో కేసు పడుతుంది. చెప్పేదేదో బోనులో, అడిగినప్పుడు చెప్పండి" అన్నాడు. వాయిదా ఎప్పుడని అడిగితే నవ్వాడు. కోర్టు సిబ్బందిలో సగం ఎన్నికల డ్యూటీలో ఉన్నారట. ముద్దాయి వకీలును వెతికాను. మూడో ఆయన కూడా మారిపోయాడు, నాలుగో ఆయనను ఇంకా వేయలేదు. జడ్జిగారికి పోస్టులో అర్జీ పంపితే అచ్చు కాగితం వచ్చింది. తదుపరి వాయిదాలో పరిశీలించబడునట.

నోటీసు బోర్డు మీది పట్టిక చింపేశాను. సంఘంవాళ్ళు దాని నకళ్ళు తీసి ఇంటింటికీ అప్పటికే పంచేశారు.

అన్నయ్య


జైలు ఆఫీసు
సెప్టెంబరు 7

అన్నయ్యా,

ఏడ్చానని రాస్తే నువ్వు మళ్ళీ శ్రీమతి సోదరి అంటావు, అందుకని రాయను.

అతనికి నేను నీ చెల్లెల్నని తెలియదు. చెప్పాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఏం చెప్పను? మా సూపరింటెండెంటు దగ్గర మాటవరసకన్నట్టు కదిపి చూశాను. "మనం ఉత్తరాలు చదవాలమ్మా, కేసులు కాదు" అన్నాడు. చెడ్డవాడేం కాదు. ఆయన బల్లమీద అలాంటి ఫైళ్ళు మూడొందలున్నాయి.

వాళ్ళావిడ ఈ నెల ఉత్తరం పంపలేదు. రోజూ కిటికీ దగ్గరికి వచ్చి, "పోస్టు ఆలస్యమా మేడం?" అంటాడు. ఆలస్యమే అంటున్నాను. ముందటి ఉత్తరంలో ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోదామనుకుంటున్నానని రాయించింది. ఆ వాక్యం నేను చదవలేదు. దాటేసి కింది వాక్యంలోకి వెళ్ళిపోయాను. ఇంకొక్కసారి మొదట్నుంచీ అన్నప్పుడు మళ్ళీ దాటేశాను. ఇద్దరం ఒక్క ఇంట్లో పెరిగినవాళ్ళమే అన్నయ్యా. లేనిది నువ్వు ఉందన్నావు. ఉన్నదాన్ని నేను మింగేశాను.

ఓటు ఎవరికేస్తున్నావు?

చెల్లి


ఇంటి నుంచి
సెప్టెంబరు 30

చెల్లీ,

ఫలితాలు విని ఉంటావు. బస్సుల యజమానే మళ్ళీ గెలిచాడు, ఇదివరకటికన్నా ఎక్కువ మెజారిటీతో. మా వీధి ఓట్లన్నీ దాదాపు అతనికే పడ్డాయని సంఘం అధ్యక్షుడు నాతో చెయ్యి కలిపి మరీ చెప్పాడు. "మీ పట్టిక చలవే మాస్టారూ" అన్నాడు.

లాయరమ్మకు వేద్దామని నిశ్చయించుకున్నాను. ఆఖరివారం ఆమె మనుషులు పంచిన కరపత్రం చూశాను. నాకు రెండు పుటలు రాసిన ఏడో జవాబు అందులో లేదు. కెమెరాలున్నాయి, గస్తీ జీపులున్నాయి. ఆఫీసుకు వెళ్ళి అడిగాను. అక్కడి అమ్మాయి కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఆ సభ తర్వాత ఆ మాటెత్తితే జనం తలుపులు వేసేస్తున్నారండీ. మేడం నమ్మకం మారలేదు, గెలిచాక చూస్తామన్నారు" అంది. ఆ సభలో నమస్కారం పెట్టింది నేనేనని ఆ అమ్మాయికి తెలియదు.

నర్సమ్మ జవాబు బయటికి తీసి మళ్ళీ చదివాను. తెలియదు, వెళ్ళి అడుగుతాను. నవంబరులో ఆ గోడముందు నేను అనవలసిన మాట అదే. సున్నా కొట్టేసి పది వేశాను. పట్టిక పంచడం అయిపోయాక, ఎవరూ చూడని కాగితం మీద. ఆమెకు నాలుగు వందల పన్నెండు ఓట్లు వచ్చాయి. రెండు మా ఇంటివి. మీ వదిన నడక చట్రంతో పోలింగు బూతు మెట్లెక్కింది. సాయం పట్టబోతే, "వదలండి, ఈ ఒక్కటీ నన్ను చెయ్యనివ్వండి" అంది.

దీనితో మరో కవరు పెట్టాను. గొడుగులాయనకు రాసిన ఉత్తరం. నువ్వే చదివి వినిపించు. ఏ వాక్యమూ దాటేయకు.

అన్నయ్య


జైలు ఆఫీసు
అక్టోబరు 10

అన్నయ్యా,

నీ కవరు తిప్పి పంపుతున్నాను. సాక్షి ముద్దాయికి రాసిన ఉత్తరం నా బల్లమీదికి వస్తే నేను ఆపాలి, పైకి పంపాలి. పైనుంచి పోలీసులకి వెళుతుంది. ముద్దాయి మనుషులు సాక్షిని లోబరుచుకున్నారనడానికి వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? దొంగచాటుగా చదివి వినిపిస్తే నా ఉద్యోగం పోతుంది. అదొక్కటే అయితే పోనీ అనుకుందును. నేను పోతే ఈ కుర్చీలోకి వచ్చేవాళ్ళు అతనికి ఉత్తరాలు చదివి పెడతారని ఏమిటి నమ్మకం? రిజిస్టరులో ఎక్కించలేదు. ముద్ర వేయలేదు. నీ ఉత్తరం ఇక్కడికి రానట్టే. చదివాను మాత్రం, రెండుసార్లు. నువ్వు రాసిన వాటిలో పెద్దమాటలు లేని ఉత్తరం అదొక్కటే.

ఇంకో మాట రాయకూడదనుకున్నాను. దాటేయకు అన్నావు కనుక రాస్తున్నాను.

నిన్న నా గొడుగు ఊచ సరిచేసి ఇచ్చాడు. వాయిదా సంగతి అడిగాడు, తెలియదన్నాను. గొడుగు రెండుసార్లు తెరిచి మూసి చూసుకుంటూ తనలో తను అనుకున్నట్టు అన్నాడు: "ఆ సారు చాలా చదువుకున్నాయన అంట మేడం. అంత చదువుకున్న మనిషి ఊరికే చెప్పడు గదా. ఆ రోజు నేను చెట్టుకింద పెట్టె సర్దుకుంటున్నాననే అనుకుంటా ఎప్పుడూ. ఇన్ని నెలలైంది, ఒక్కోసారి డౌటొస్తోంది. నేనే చేశానేమో, మరిచిపోయానేమో."

గొడుగు తీసుకుని వచ్చేశాను.

చెల్లి


కోర్టు వరండా నుంచి
అక్టోబరు 19

చెల్లీ,

నీ ఉత్తరం చొక్కా జేబులో ఉంది. మీ వదిన రెండుసార్లు అడిగింది. చదివి వినిపించలేకపోయాను.

ఇవాళ వాయిదా అని తెలిసి తొమ్మిదింటికే వచ్చాను. కళ్ళజోడు తుడుచుకుని, చెప్పవలసినది నాలుగు వాక్యాల్లో సిద్ధం చేసుకున్నాను. గొడుగులాయనను తీసుకురాలేదు, వ్యాను లేదట. కొత్త వకీలు రాలేదు. పదకొండున్నరకు పేరు పిలిచారు, లోపలికి వెళ్ళాను. నోరు తెరవకముందే, "సాక్షి హాజరు" అని రాసుకుని పంపేశారు.

గుమాస్తా నాకు ఒక చీటీ ఇచ్చాడు. దాన్ని ఇక్కడే బల్లమీద కూర్చుని చదివాను. కేసు నంబరు ఉంది, నా పేరుంది, పేరు పక్కన డిగ్రీ కూడా ఉంది. వెనక్కు వెళ్ళి, "తదుపరి వాయిదా దగ్గర తేదీ లేదేమండీ?" అని అడిగాను.

అతను తల ఎత్తకుండానే, "తెలిస్తే వేస్తాంగా సార్. ప్రస్తుతానికి ఖాళీ వదిలాం" అన్నాడు.

అన్నయ్య